చలికొండల్లో రాత్రి బస: గుడారం ఎలాంటిది ఉండాలి?

దీపావళి వెళ్లి చలి మొదలైందంటే చాలు, ఈమధ్య మన ఇళ్లలో ఒక కొత్త మాట వినపడుతోంది. "అమ్మా, శనివారం రాత్రికి లంబసింగి పోతున్నాం. గది అక్కర్లేదు, టెంటులో పడుకుంటాం" అంటాడు కాలేజీ కుర్రాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి అయితే ఏకంగా ఉత్తరాఖండ్ వెళ్లి మంచుకొండ ఎక్కి వస్తానంటుంది. ఇంట్లోవాళ్లు కంగారుపడి స్వెట్టరు, మఫ్లరు, అమృతాంజనం, నాలుగు అరిసెలు సర్ది ఇస్తారు. రాత్రంతా తలదాచుకునే ఆ గుడారం ఎలాంటిదని మాత్రం ఎవరూ అడగరు.

వెళ్లవద్దని చెప్పడానికి నేనిది రాయడం లేదు. నడక మంచిది, కొండగాలి ఇంకా మంచిది. నిజామాబాద్ జిల్లా పల్లెటూరి పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. మన ఒళ్లు చలికి ఆగదన్న మాట ఆనాటితోనే చెల్లిపోయింది. అయితే ఆ అమ్మాయి వెళ్లింది తగిన శిక్షణతో, తగిన సరంజామాతో. మన పిల్లలు వెళ్లేది శనివారం సాయంత్రం బస్సు దిగి, అద్దెకు దొరికిన డేరాతో. తేడా అక్కడుంది.

కొన్నేళ్ల కిందట నేను ఏజెన్సీలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు జరిగిన సంగతి చెబుతాను. జనవరి మొదటివారం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. జీపులో నలుగురు కుర్రాళ్లను తీసుకొచ్చారు. అందరికీ తలపోటు, వాంతులు. ఒకడైతే పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు గాని మాట కలపడం లేదు. రాత్రి ఏం తిన్నారంటే బొంగు చికెన్ అన్నారు. ఇంకేముంది, తిండి వికటించిందని నేను తేల్చేశాను. వేలికి ఆక్సీమీటరు తగిలిస్తే తొంభై ఎనిమిది చూపించింది. ఊపిరికేం ఢోకా లేదనుకుని సెలైన్లు పెట్టమన్నాను.

అప్పుడు మా నర్సమ్మ ఒక కుర్రాడి చొక్కా వాసన చూసి, "కుంపటి గాని లోపలెట్టుకున్నారేటి బాబూ?" అని అడిగింది. వాడు తలూపాడు. అర్ధరాత్రి చలి ఓర్చుకోలేక, బయట నెగడులో మిగిలిన నిప్పులు ఇనుపబేసినులో ఎత్తుకొచ్చి గుడారం మధ్య పెట్టుకుని, జిప్పులన్నీ పైదాకా లాగేసి పడుకున్నారట. "పొగ రావడం లేదు కదా సార్, బాగా రాజుకున్న నిప్పులే" అన్నాడు పాపం.

పొగ లేకపోవడమే అక్కడ మోసం. గాలి చాలక మండే బొగ్గులోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులోని ఎర్రపదార్థం ప్రాణవాయువును పట్టుకునే దానికంటే రెండు వందల రెట్లు గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే ప్రాణవాయువుకు చోటుండదు. ఇంకో చిక్కు ఏమంటే, కరోనా నాటినుంచి మన ఇళ్లన్నిటిలోనూ ఉన్న ఆ ఆక్సీమీటరు ఈ తేడాను పసిగట్టలేదు. విషవాయువు పట్టిన నెత్తురునూ ప్రాణవాయువు పట్టిన నెత్తురునూ అది ఒకే గాటన కడుతుంది. తొంభై ఎనిమిది చూసి నేను ధీమాపడ్డది అందుకే.

సిలిండరు తెప్పించి మాస్కుతో ప్రాణవాయువు పట్టించాం. మామూలు గాలి పీలుస్తూ ఉంటే ఈ విషం సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ప్రాణవాయువు బాగా అందిస్తే గంట, గంటన్నర చాలు. ముగ్గురు మధ్యాహ్నానికి లేచి కూర్చున్నారు. బేసినుకు దగ్గరగా పడుకున్న నాలుగోవాణ్ణి పెద్దాసుపత్రికి పంపాం. బతికాడు. అయితే మూడు నెలలదాకా బండి తాళాలు ఎక్కడ పెట్టాడో వాడికే గుర్తుండేది కాదని వాళ్ల నాన్నగారు తర్వాత ఫోనులో చెప్పారు. ఈ విషం దిగిపోయాక కూడా కొందరిలో మెదడును అలా కొన్నాళ్లు పట్టి ఉంచుతుంది.

ఇదేదో తెలియనివాళ్లకే జరుగుతుందనుకోకండి. అమెరికన్ నౌకాదళాధికారి రిచర్డ్ బర్డ్ 1934లో అంటార్కిటికాలో, మంచులో పూడ్చిన చిన్న గదిలో ఒంటరిగా శీతకాలం గడిపాడు. పొయ్యిగొట్టం సరిగా లేక ఇదే వాయువు అతన్ని మంచాన పడేసింది. పొయ్యి ఆర్పితే చలి, వెలిగిస్తే విషం. ఆగస్టులో సహచరులు వచ్చి చేరేదాకా ఆ రెండింటి మధ్య నలిగిపోయాడు. ధ్రువప్రాంతపు ఎస్కిమోలు మంచుదిమ్మెలతో కట్టుకునే ఇంటికి నడినెత్తిన ఒక కన్నం వదులుతారు. వాళ్లకు ఏ డాక్టరూ చెప్పలేదు.

గుడారం వేడినివ్వదు

ఆ కుర్రాళ్లు కుంపటి దాకా ఎందుకు వెళ్లారు? గుడారం వెచ్చగా ఉంటుందనుకున్నారు, లేదు. మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరపడతారు. గుడారం అనండి, డేరా అనండి, దానికి సొంత వేడి లేదు. బయటకంటే లోపల రెండు మూడు డిగ్రీలు ఎక్కువుంటే అదే గొప్ప. రాత్రంతా మండే పొయ్యి మన ఒళ్లే. నిద్రలో మనిషి ఒంటినుంచి వచ్చే వేడి పాతకాలపు అరవై వాట్ల బల్బుకు కాస్త ఎక్కువ, అంతే. ఆ కాస్త వేడినీ దొంగలు ఎత్తుకుపోకుండా చూడటమే గుడారం పని.

ఆ దొంగల్లో మొదటిది గాలి. రెండోది తడి. పొడిగాలి కంటే నీరు పాతిక రెట్లు వేగంగా ఒంటివేడిని లాగేస్తుంది. అంచేత తడిసిన చొక్కాతో పడుకున్నవాడికి పది డిగ్రీల చలి కూడా ప్రమాదమే. మూడోది నేల. దీన్ని ఆపడం గుడారం వల్ల కాదు, పరుపు వల్ల అవుతుంది. కళ్లంలో ధాన్యానికి కాపలా పడుకునే రైతును చూడండి. పైన కప్పుకునేది ఒక్క దుప్పటే అయినా కింద వరిగడ్డి మూరెడు మందాన పరుచుకుంటాడు. గడ్డిలో నిలిచిన గాలే అతనికి రక్ష. మన పిల్లలు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. పైన మూడు రగ్గులు, కింద పలచటి ప్లాస్టిక్ పట్టా. మీ ఒంటి బరువుకు నలిగిపోయిన రగ్గు కింద ఉన్నా లేనట్టే లెక్క.

అంచేత డబ్బు తక్కువైతే గుడారంలో తగ్గించుకోండి గాని పరుపులో వద్దు. మూసి ఉన్న గాలిబుడగల ఫోమ్ చాప అరకిలో కూడా బరువుండదు, చిరిగినా పనిచేస్తుంది. గాలి ఊదే పరుపులమీద ఆర్ విలువ అని ఒక అంకె ఉంటుంది. లంబసింగి లాంటి చోటుకి రెండు మూడు చాలు. మంచుమీద పడుకోవాలంటే నాలుగైదు ఉండాలి. ఒకటి సరిపోకపోతే ఫోమ్ చాపమీద గాలిపరుపు వేసుకోవచ్చు, రెండంకెలూ కలుస్తాయి.

బరువు సంగతి

తేలిక గుడారం ఎందుకు, ఎలాగూ మోస్తాం కదా అంటారు కుర్రవాళ్లు. వైద్యుడిగా నా అభిప్రాయం వేరు. బరువెక్కువైతే కొండెక్కేటప్పుడు చెమట కారుతుంది. పైకి చేరేసరికి పొద్దుగూకుతుంది, లోపలి బనీను తడిసి ఉంటుంది, ఒళ్లు అలసి ఉంటుంది. ఆ రాత్రి చలి పట్టేది అలాంటివాణ్ణే. వీపుమీది మొత్తం బరువు మీ ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదు. యాభై అయిదు కిలోల మనిషికి పదకొండు కిలోలు. అందులో గుడారానికి మనిషికి కిలో, కిలోన్నర మించి ఇవ్వలేం.

అంతకంటే తేలికైనవి లేవా అంటే ఉన్నాయి. మన గొర్రెల కాపరి గొంగడి ఒకటే చాలదా? తలమీంచి మడిచి వేసుకుంటే అదే గొడుగు, అదే పక్క, అదే ఇల్లు. కాస్త తడిసినా ఉన్ని వెచ్చదనం పూర్తిగా పోదు. కాకపోతే కాపరికి ఆ అలవాటు పుట్టుకతో వచ్చింది, మనకు లేదు.

ఈకాలపు గొంగడి లాంటిదే బివీ అనే సంచి. స్లీపింగ్ బ్యాగుకు పైతొడుగన్నమాట. అరకిలోనుంచి కిలోదాకా ఉంటుంది. గాలిని బాగా ఆపుతుంది గాని మన ఒంటి ఆవిరి లోపలే నిలిచి తెల్లారేసరికి బ్యాగు చెమర్చుతుంది. మూసి ఉన్నచోట ఆయాసం, గుండెదడ వచ్చేవాళ్లకు నేను దీన్ని అసలు చెప్పను. ఇక రెండు చెట్లకు తాడు కట్టి వేసే పలచటి టార్పాలిన్. బరువు లేదు, గాలి ధారాళం, ఆవిరి బాధ లేదు. చెట్ల నీడలో, గాలి లేని రాత్రి హాయిగా ఉంటుంది. శిఖరంమీద గాలి దిశ మారిందంటే రాత్రంతా జాగారమే.

ఒంటిపొర గుడారాలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. ఇద్దరికి కిలోలోపే వస్తాయి. కాని ఒక్కో మనిషి రాత్రంతా ఊపిరిలోనూ చర్మంనుంచీ గ్లాసుడు నీటిని ఆవిరిగా వదులుతాడు. ఆ ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి బొట్లు బొట్లుగా మొహంమీద పడుతుంది. గుడారం కారుతోందని అమ్మినవాణ్ణి తిడతారు గాని ఆ నీళ్లు మీవే!

నా ఓటు రెండు పొరల గుడారానికే. లోపల ఆవిరిని పోనిచ్చే గుడ్డ, దానిపైన జానెడు ఎడంగా నీరు దిగని గుడ్డ. ఆవిరి లోపలి పొర దాటి పైపొరకు అంటుకుని పక్కకు జారిపోతుంది. ఇద్దరికి సరిపడేది రెండు, రెండున్నర కిలోల్లో దొరుకుతుంది. గుడ్డ ఒకరు, ఊచలు ఒకరు మోస్తే సరి. చలికాలానికి కొనేటప్పుడు లోపలి పొర మొత్తం దోమతెర లాంటిది తీసుకోకండి. కింద సగమైనా నిండు గుడ్డ ఉండాలి, లేకపోతే నేలబారు గాలి తిన్నగా చెవుల్లో కొడుతుంది.

నాలుగు రుతువులకూ పనికొచ్చేదని అమ్మే బరువైన గుడారం మన కొండలకు అక్కర్లేదు. అది మంచుభారం కోసం, చెట్లులేని శిఖరాలమీది తుపాను కోసం. కేదార్‌కంఠ లాంటిచోటుకి, అంటే దాదాపు 3,800 మీటర్ల కొండకు జనవరిలో వెళ్లేవాళ్లు అలాంటిది అడగాలి. అక్కడ రాత్రిపూట సున్నాకు పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. మామూలు మేకులు మంచులో నిలవవు. సంచిలో మంచు కుక్కి, తాడు కట్టి, అడ్డంగా పాతి తొక్కాలి. రాత్రి మంచు కురిస్తే మధ్యమధ్య లేచి గుడ్డ దులపాలి, గాలికన్నాలు పూడిపోకుండా చూసుకోవాలి.

అద్దెకు తీసుకుంటే

మన దగ్గర సూటిగా కొనేవాళ్లు తక్కువ, అద్దెకు తీసుకునేవాళ్లే ఎక్కువ. డబ్బిచ్చే ముందు, వెలుతురు ఉండగానే దాన్ని నిలబెట్టి చూపించమనండి. మొహమాటపడకండి. పైగుడ్డ నేలకు నాలుగు వేళ్ల దూరందాకా దిగిందా, లేక టోపీలాగా నెత్తిమీద ఉండి ఊరుకుందా చూడండి. టోపీలాంటిది ఎండకు పనికొస్తుంది, లంబసింగి పొగమంచుకు పనికిరాదు. కుట్లమీద లోపలివైపు పట్టీ అంటించి ఉందా? గుడ్డమీద మూడువేల మిల్లీమీటర్లని గొప్పగా రాసి ఉంటుంది. అంత ఎత్తు నీటి ఒత్తిడికి ఆగుతుందని దాని అర్థం. గుడ్డ ఆగినా కుట్టు ఆగకపోతే ఏం లాభం? ఫైబరు ఊచలైతే చీలికలున్నాయేమో చేత్తో తడిమి చూడండి, అల్యూమినియంవి నయం. తాళ్లు అన్నీ ఉన్నాయా? మన డేరాలవాళ్లు తాళ్లు కట్టడం దండగనుకుంటారు. గాలి లేచిన రాత్రి గుడారాన్ని నిలబెట్టేవి అవే.

పడుకుని చూడండి. కాళ్లు చాపితే పాదాలు గుడ్డకు తగలకూడదు. తగిలినచోటల్లా తడి దిగుతుంది. అలాగని ఇద్దరికోసం ఆరుగురి గుడారం తీసుకుంటే ఆ ఖాళీ అంతా మీ ఒంటివేడితోనే నింపాలి.

అన్నిటికంటే ముఖ్యం, గాలికన్నాలు. కింద ఒకటి, పైన ఒకటి ఉండాలి. ఎంత చలైనా ఆ రెండూ మూయకూడదు. "తెరిచిపెడితే చలి లోపలికి రాదా డాక్టరుగారూ?" అని అడుగుతారు. కొంచెం వస్తుంది. ఆ కొంచెానికి ఇంకో స్వెట్టరు వేసుకోండి. మూసేస్తే ఆవిరి నిలిచి, పక్క తడిసి, అంతకు రెట్టింపు చలి వేస్తుంది. వంట, టీ గుడారానికి దూరంగా, ఆరుబయటే. కుంపటి, గ్యాసు పొయ్యి, కిరోసిన్ దీపం, నిప్పులబేసిను, ఆఖరికి దోమల ధూపం కూడా లోపలికి రాకూడదు. వేడి కావాలంటే గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి, మేజోడు తొడిగి, స్లీపింగ్ బ్యాగులో పొట్టదగ్గర పెట్టుకోండి. తెల్లవారుజాము దాకా కాకపోయినా నిద్రపట్టేదాకా కాపు కాస్తుంది.

చోటు ఎంచుకోవడంలోనూ కొంత ఉంది. చల్లగాలి బరువు, నీళ్లలాగే పల్లానికి పారుతుంది. వాగు ఒడ్డున, లోయ అడుగున వేయకండి. అక్కడినుంచి పాతిక ముప్ఫై అడుగులు పైకెక్కితే తేడా మీకే తెలుస్తుంది. నడిశిఖరమూ వద్దు. లంబసింగికి ఆ చుట్టుపక్కల కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. ఆకాశం నిర్మలంగా, చుక్కలు మెరుస్తూ ఉన్న రాత్రే చలి ఎక్కువ. నేలవేడి తిన్నగా ఆకాశానికి పోతుంది. చెట్టుకింద వేసుకుంటే ఆ కొమ్మలే ఇంకో కప్పు, ఎండుకొమ్మలు లేకుండా చూసుకుంటే సరి.

పక్కవాణ్ణి గమనించండి

చలి పట్టిన మనిషి తనకు బాగాలేదని చెప్పడు. అడిగితే బాగానే ఉన్నానంటాడు. వణుకు, మాట తడబాటు, జిప్పు కూడా వేసుకోలేని వేళ్లు, అడుగు తూలడం, ఊరికే చిరాకు. ఇవి మొదటి గుర్తులు. ఒంటి లోపలి వేడి ముప్ఫై అయిదు డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే దాన్ని అతిశీతలం అంటాం. ఇంకా దిగితే వణుకు ఆగిపోతుంది. అది తగ్గిందని సంతోషించవద్దు, ముదిరిందని అర్థం. ఆ దశలో కొందరు ఉక్కగా ఉందంటూ బట్టలు విప్పేస్తారు కూడా.

తడిబట్టలు తీసి పొడివి వేయండి, కింద మందంగా పరవండి, పైన కప్పండి. తెలివి బాగా ఉంటే తియ్యటి వేడిటీ తాగించండి, మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకండి. చేతులు కాళ్లు రుద్దకండి. చల్లబడ్డ గుండె కుదుపుకు తట్టుకోలేదు, అటూ ఇటూ మోటుగా కదపకండి. వేడినీళ్ల సీసాలు గుడ్డ చుట్టి చంకల్లో, ఛాతీమీద పెట్టి 108కి ఫోను చేయండి. ఇక ఒక పెగ్గు వేస్తే ఒళ్లు వెచ్చబడుతుందనేవాళ్లకు నా జవాబు: వెచ్చబడేది చర్మం, చల్లబడేది గుండె. నెత్తురు చర్మంలోకి పరుగెత్తి లోపలి వేడినంతా బయట పారబోస్తుంది.

2,500 మీటర్లు దాటిన కొండలమీద తలనొప్పి, వికారం ఎత్తువల్ల కూడా వస్తాయి. అందుకు మందు ఇంకా పైకి ఎక్కకపోవడం, తగ్గకపోతే కిందికి దిగడం. కాని ఒకే గుడారంలో పడుకున్నవాళ్లందరికీ ఒక్కసారే వచ్చి, పక్క గుడారంవాళ్లు బాగానే ఉంటే ఎత్తును అనుమానించకండి. ముందు అందరినీ బయటికి లాగండి. నాలాగా రాత్రి తిన్న కూరమీద నెపం వేసి కూర్చోకండి.

ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు, థైరాయిడ్ తగ్గినవాళ్లు బయలుదేరే ముందు తమ డాక్టరుకు చూపించుకోవాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనిచేయదు, దాన్ని చొక్కాలోపల పెట్టుకుని పడుకోండి. నిద్రమాత్రలు వద్దు. చలిలో మూత్రం ఎక్కువసార్లు వస్తుంది, బద్ధకించి ఆపుకోకండి.

కొత్తగా గుడారం కొన్నవాళ్లు మొదటిరాత్రి కొండమీద కాకుండా ఇంటి డాబామీద పడుకోండి. మేకులు దిగని సిమెంటుమీద ఇటుకలకు తాళ్లు కట్టుకుని, చీకట్లో టార్చి నోట కరుచుకుని రెండుసార్లు నిలబెట్టండి. కిందకు దిగి వచ్చే దారి ఎలాగూ ఉంది. తిరిగొచ్చాక దాన్ని తడిగానే సంచిలో కుక్కి అటకెక్కించకండి. రెండురోజులు నీడలో ఆరబెట్టండి. బూజుపట్టిన గుడారంలో మరుసటేడు ఉబ్బసం పిల్లవాణ్ణి పడుకోబెట్టి, కొండగాలి పడలేదని నా దగ్గరికి తీసుకొస్తారు.